స్కానింగ్ సెంటర్ మానేశాక గ్రాట్యుటీ రాబట్టుకున్న తీరు: సీటీ టెక్నీషియన్ల కోసం నా అనుభవం

నెల్లూరు జిల్లాలో ఒక ప్రైవేటు స్కానింగ్ సెంటర్లో 2014 నవంబర్ 10న సీటీ టెక్నీషియన్‌గా చేరాను. 2023 జూన్ 30న మానేశాను. గ్రాట్యుటీ డబ్బు, అంటే మానేసేటప్పుడు సర్వీసు ఏళ్ల లెక్కన యజమాని ఇవ్వాల్సిన మొత్తం, చేతికి అందింది 2025 జనవరిలో. ఈ ఏడాదిన్నరలో కేసు ఎట్లా నడిచింది, ఎంత ఖర్చయింది, ఏ కాగితం అక్కరకొచ్చింది, ఏది ఉత్త కాగితంగా మిగిలింది, అన్నీ వరసగా రాస్తున్నా. పొగతోట సందుల్లోనూ, ఒంగోలు కర్నూలు రోడ్డు మీదా డయాగ్నొస్టిక్ సెంటర్లలో పనిచేసే మనవాళ్లలో చాలామంది గ్రాట్యుటీ అంటే గవర్నమెంటు ఉద్యోగులకే అనుకుంటారు. పది మంది పనిచేసే ప్రైవేటు సెంటరుకు కూడా 1972 నాటి గ్రాట్యుటీ చట్టం వర్తించేది (2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో కొత్త కోడ్ వచ్చింది, చివర చెప్తాను; కింద రాసిన ఫారాలు, గడువులు నా కేసు నాటివి). గడిచిన 12 నెలల్లో ఏ ఒక్కరోజైనా పది మంది ఉంటే చాలు. ఒకసారి వర్తించాక మనుషులు తగ్గినా చట్టం వదలదు.

2023 మే 30న రాజీనామా ఇచ్చాను. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకటి రిసెప్షన్లో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో సెంటరు ముద్ర వేయించుకున్నాను. అదే సాయంత్రం అదే ఉత్తరం ఈమెయిల్లోనూ పంపాను. ఉత్తరంలో చివరి పనిదినం తేదీ స్పష్టంగా రాయాలి. "త్వరలో మానేస్తాను" అని రాసినవాళ్ల కేసుల్లో ఏ తేదీన మానేశారన్నదే పెద్ద తగవైపోవడం తర్వాత చూశాను.

నోటీసు నెల నడుస్తుండగానే చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, బయటికొచ్చాక కుదరవు. మొదటిది టీఎల్‌డీ (మన ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే బ్యాడ్జీ) రిపోర్టులు. మూడు నెలలకోసారి బ్యాడ్జీలు ల్యాబుకు వెళ్తాయి, డోసు రిపోర్టు సంస్థ పేరుమీద వస్తుంది. అందులో మన పేరు, పర్సనల్ నంబరు, ఏ త్రైమాసికమో ఉంటాయి. మనలో చాలామందికి డోసు గడిలో సున్నాలే ఉంటాయి కాబట్టి ఎవరూ దాన్ని తిరిగి చూడరు. కానీ ఫలానా సంస్థ ఫలానా మూడు నెలలు ఈ మనిషిని రేడియేషన్ పనిలో పెట్టుకుంది అని బయటి ల్యాబు ఒకటి రాసిచ్చిన కాగితం అది. నియామక పత్రం ఇవ్వని చోట, జీతం కవర్లో పెట్టి ఇచ్చిన చోట, దీనికి మించిన ఆధారం దొరకదు. ల్యాబుకు నేరుగా రాస్తే సంస్థ ద్వారానే రమ్మంటారు. అందుకని రేడియలాజికల్ సేఫ్టీ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా అడిగి, ఉద్యోగంలో ఉండగానే అన్ని త్రైమాసికాల నకళ్లు తీసుకోవాలి. నా డోసు గురించి తెలుసుకునే హక్కు నాకుంది కాబట్టి కాదనడానికి వాళ్లకు కారణం దొరకలేదు. 2015 జనవరి నుంచి మొదలైన రిపోర్టులు వచ్చాయి.

రెండోది, బ్యాడ్జీ తిరిగి ఇచ్చినట్టు రసీదు. ఇవ్వకపోతే ఆ త్రైమాసికం మన పేరుమీద బ్యాడ్జీ వెనక్కి రాలేదని నమోదవుతుంది, కొత్త చోట చేరేటప్పుడు అది అడ్డం పడుతుంది. మూడోది, జీతం చీటీలు. నేను మానేసిన నాటి చట్టం ప్రకారం గ్రాట్యుటీకి కావలసింది చివరి నెల బేసిక్, డీఏ మాత్రమే. హెచ్ఆర్ఏ, ఓవర్‌టైమ్, నైట్ అలవెన్సు అందులోకి వచ్చేవి కావు. నా మొత్తం జీతం 26,000 అయితే, బేసిక్, డీఏ కలిపి 15,600.

లెక్క ఇది. 15,600ను 26తో భాగించి 15తో గుణిస్తే 9,000. అంటే ఏడాది సర్వీసుకు 9,000. చివర మిగిలిన నెలలు ఆరుకు మించితే ఇంకో ఏడాదిగా కలుపుతారు. 2014 నవంబర్ 10 నుంచి 2023 జూన్ 30 దాకా 8 ఏళ్ల 7 నెలల పైచిలుకు, కాబట్టి 9 ఏళ్లు, 81,000. మా సెంటరు అకౌంటెంటు నెలకు 30 రోజుల చొప్పున భాగించి, ఏడాదికి 7,800 అన్నాడు. 30తో భాగించడం చాలాచోట్ల జరుగుతుంది. నెల జీతగాళ్లకు 26తోనే భాగించాలని చట్టంలోనే రాసి ఉంది, వాదన అక్కర్లేదు.

జూలై మొదటి వారంలో ఫారం ఐ (గ్రాట్యుటీ కోరుతూ యజమానికి పెట్టే దరఖాస్తు) నింపి అక్నాలెడ్జ్‌మెంట్ కార్డుతో రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. మానేసిన 30 రోజుల్లోపు పంపడం మంచిది. నిజానికి దరఖాస్తు పెట్టినా పెట్టకున్నా లెక్కగట్టి 30 రోజుల్లో ఇవ్వాల్సిన బాధ్యత యజమానిదే. అయినా పోస్టాఫీసు కార్డు మీద పడిన తేదీ తర్వాత ప్రతి మెట్టులోనూ పనికొస్తుంది. ఇస్తామంటే యజమాని ఫారం ఎల్ పంపాలి, ఇవ్వమంటే కారణం రాసి ఫారం ఎమ్ పంపాలి. నాకు ఏ ఫారమూ రాలేదు. ఆగస్టు రెండో వారంలో లెటర్‌హెడ్ మీద "మీకు అర్హత లేదు" అని రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. ఆ కవరు కూడా పారేయకుండా ఉంచాను, పోస్టు ముద్ర ఉంటుంది కాబట్టి.

మధ్యలో సెంటరు యజమాని డాక్టరుగారు ఫోన్ చేశారు. "ఏందయ్యా, తొమ్మిదేళ్లు అన్నం పెట్టిన చోటు మీదే కేసేస్తావా? వెయ్యబాక, ఒక యాభై ఇస్తా, సంతకం పెట్టి తీసుకో" అన్నారు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. మా అమ్మకు స్కాన్ తీస్తే డబ్బు తీసుకోని మనిషి. కానీ సంతకం పెట్టమన్న కాగితంలో "ఇకమీదట ఎలాంటి బకాయీ లేదు" అని ఉంది. "ఆలోచించుకుంటా సార్" అని పెట్టేశాను. ఇట్లాంటి కాగితం మీద సంతకం పెట్టినా చట్టం ఇచ్చిన హక్కు పూర్తిగా పోదు, కానీ కేసు ఏడాది సాగాల్సింది రెండేళ్లు సాగుతుంది.

తిరస్కరించినప్పటి నుంచి 90 రోజుల్లోపు కార్మిక శాఖ అసిస్టెంట్ కమిషనర్ దగ్గర ఫారం ఎన్ (గ్రాట్యుటీ ఇప్పించమని కోరే దరఖాస్తు) వేయాలి. గ్రాట్యుటీ చట్టం కింద విచారించే అధికారి ఆయనే, కోర్టుకు పోనక్కర్లేదు. గడువు దాటితే సరైన కారణం చూపిస్తే మన్నిస్తారు గానీ, ఆ మన్నింపు మీదే ఒక విచారణ జరుగుతుంది. అక్టోబర్లో దాఖలు చేశాను. కోర్టు ఫీజేమీ కట్టలేదు. ఎదుటి పక్షంలో ఎంతమంది ఉంటే అన్ని ప్రతులు అదనంగా ఇవ్వాలి. మా సెంటరు భాగస్వామ్య సంస్థ కాబట్టి సంస్థనూ, మేనేజింగ్ పార్ట్‌నర్‌నూ ఇద్దరినీ చేర్చాం. సంస్థ పేరు బోర్డు మీద ఒకటి, ప్యాన్ కార్డులో ఒకటి ఉండటం మన సెంటర్లలో మామూలే. ప్యాన్ కార్డులో ఉన్న పేరు, బోర్డు మీదున్న పేరు రెండూ రాస్తే తర్వాత "ఆ సంస్థ మేం కాదు" అనే మాట రాదు.

డిసెంబర్లో మొదటి వాయిదాకు ఫారం ఓ నోటీసు వచ్చింది. అవతలివాళ్లు కౌంటర్ (జవాబు పత్రం) వేయడానికి గడువు అడిగి 2024 ఫిబ్రవరిలో వేశారు. అందులో నాలుగు మాటలున్నాయి. నాలుగూ ఇంకో సెంటరు నుంచి ఇంకో టెక్నీషియన్‌కు కూడా వచ్చేవే కాబట్టి కొంచెం ఆగి చెప్తాను.

ఒకటి, మా దగ్గర పది మంది లేరు అన్నారు. ఇది తేలిగ్గా తేలిపోయింది. తక్కువ జీతం ఉన్న సిబ్బందికి ఈఎస్ఐ కోస్తున్నారు. ఈఎస్ఐ వర్తించడానికే పది మంది ఉండాలి. పీఎఫ్‌కు ఇరవై మంది. రెండూ కట్టే సంస్థ పది మంది లేరంటే నిలబడదు. ఊడ్చే ఆయమ్మ, రాత్రి వాచ్‌మన్, రిపోర్టులు టైపు చేసే అమ్మాయి అందరూ లెక్కలోకి వస్తారు.

రెండు, సర్వీసు 2017 ఏప్రిల్ 1 నుంచే మొదలైంది అన్నారు. పీఎఫ్‌లో నన్ను చేర్చిన తేదీ అది. ఆ లెక్కన 6 ఏళ్ల 3 నెలలు, ఆరేళ్లకు 54,000. అసలు తగవంతా ఇక్కడే. పీఎఫ్ పాస్‌బుక్కు పీఎఫ్‌లో చేరిన తేదీనే చెప్తుంది, ఉద్యోగంలో చేరిన తేదీని కాదు. దాని ముందరి కాలానికి నా దగ్గరున్నవి టీఎల్‌డీ రిపోర్టులు, వాట్సాప్ గ్రూపులో పెట్టిన డ్యూటీ చార్టులు. రిపోర్టుల వల్ల 2015 జనవరి 1 దాకా వెనక్కి వెళ్లాం. చూడండి ఎట్లా ఉందో: 2015 జనవరి 1 నుంచి 2023 జూన్ 30కి సరిగ్గా 8 ఏళ్ల 6 నెలలు. ఆరు నెలలకు మించితేనే ఏడాదిగా కలుపుతారు, సరిగ్గా ఆరైతే కలపరు. నేను చేరిన 2014 నవంబర్, డిసెంబర్లకు కాగితం లేకపోతే 9,000 పోయినట్టే.

మూడు, నోటీసు నెలలో నేను వాడుకున్న సెలవుల వల్ల నష్టం జరిగింది, కాబట్టి గ్రాట్యుటీ రద్దు అన్నారు. నోటీసు తక్కువైతే చివరి జీతం లెక్కలో చూసుకోవచ్చేమో గానీ, గ్రాట్యుటీ ఆపడానికి చట్టం చెప్పిన కారణాలు వేరు. నష్టం కలిగించినందుకో, దౌర్జన్యానికో, నైతిక పతనం కిందికొచ్చే నేరానికో ఉద్యోగం నుంచి తీసేసి ఉండాలి. నన్ను ఎవరూ తీసేయలేదు, రాజీనామా ఆమోదించారు.

నాలుగోది వింటే మన టెక్నీషియన్లెవరికైనా మండుతుంది. 2023 మార్చిలో సీటీ ట్యూబు (మెషీన్లో ఎక్స్‌రే పుట్టించే భాగం) పోయింది. పొద్దున్నే వార్మప్ చేయకుండా స్కాన్లు తీయడం వల్లే పోయిందని, లక్షల నష్టానికి నేనే బాధ్యుణ్ణని రాశారు. ట్యూబు అనేది అరిగిపోయే భాగం. ఆనోడ్ తిరిగే బేరింగులు అరుగుతాయి, ఎక్స్‌రే పుట్టే టార్గెట్ గరుకెక్కుతుంది, లోపల వాక్యూమ్ చెడి ఆర్కింగ్ (కరెంటు మెరుపులా దూకడం) మొదలవుతుంది. వార్మప్ వల్ల చల్లగా ఉన్న టార్గెట్ మీద ఒక్కసారిగా పెద్ద లోడు పడకుండా మెల్లగా వేడెక్కుతుంది, అది చేయకపోతే టార్గెట్ పగిలే ప్రమాదం ఉన్నమాట నిజమే. అందుకే కొన్ని గంటలు వాడకపోతే కన్సోలే వార్మప్ చేయమని అడుగుతుంది, ఎవరు చేశారో, ఎవరు దాటవేశారో లాగ్‌లో పడుతుంది. ఇట్లాంటి ఆరోపణ వస్తే మాటలతో వాదించకుండా మూడు కాగితాలు అడగాలి: ట్యూబు మార్చినప్పుడు సర్వీసు ఇంజనీరు రాసిన రిపోర్టు, అప్పటికి ఆ ట్యూబు మీద నడిచిన స్కాన్ల లెక్క, ఎర్రర్ లాగ్. ఆ అధికారికి సివిల్ కోర్టుకున్నట్టే పత్రాలు తెప్పించే అధికారం ఉంది. ఏ పత్రం ఎవరి దగ్గరుంది, ఎందుకు కావాలి అని ఒక పేజీ పిటిషన్ వేయాలి. టీఎల్‌డీ అసలు రిపోర్టులు, హాజరు పట్టీ, ఈలోరాలో (రేడియేషన్ లైసెన్సుల ప్రభుత్వ పోర్టల్లో) సంస్థ నమోదు చేసిన సిబ్బంది పేర్లు కూడా అదే పిటిషన్లో అడిగాం.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. ట్యూబు నా వల్లే పోయిందని చూపించడానికి వాళ్లు సర్వీసు ఫైలు మొత్తాన్ని బి-4 అనే నంబరుతో సాక్ష్యంగా దాఖలు చేశారు. అందులో ట్యూబు రిపోర్టులో కారణం "ఆర్కింగ్" అనే ఉంది, ఆపరేటర్ తప్పు అని ఎక్కడా లేదు. దానికంటే ముఖ్యమైనది ఫైలు అడుగున ఉంది. మెషీను పెట్టినప్పుడు కంపెనీవాళ్లు వాడకం నేర్పించిన శిక్షణ హాజరు పత్రం, తేదీ 2014 నవంబర్ 18, రెండో వరసలో నా పేరు, సంతకం. మా వకీలుగారు అది చూసి పెద్దగా ఏమీ అనలేదు, పెన్సిల్‌తో ఒక టిక్ పెట్టారు. ఎదుటివాళ్లే దాఖలు చేసిన పత్రం కాబట్టి దాన్ని వాళ్లు కాదనలేరు. సర్వీసు రిపోర్టుల మీద, రెండేళ్లకోసారి జరిగే క్యూఏ (మెషీను నాణ్యత) పరీక్ష కాగితాల మీద "కస్టమర్ తరఫున" అని సంతకం పెట్టేది మనమే. పెట్టినప్పుడు తేదీతో సహా పెట్టండి, గీత గీసి వదిలేయకండి.

వాట్సాప్ ప్రింట్ల గురించి ఒక మాట. వాటికి ఎలక్ట్రానిక్ రికార్డు సర్టిఫికెట్ జత చేయాలి. 2024 జూలై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం వచ్చింది, దాని కింద సర్టిఫికెట్ రెండు భాగాలుగా ఉంటుంది. మా విచారణ అప్పటికే నడుస్తోంది కాబట్టి పాత సాక్ష్య చట్టం 65బీ సెక్షన్ కిందే ఇచ్చాం. అసలు చిక్కు వేరే ఉంది. ఆ గ్రూపులో డ్యూటీ చార్టుల మధ్యలో రోగుల పేర్లతో స్కాన్ బొమ్మలు కూడా ఉన్నాయి. అవున్న పేజీలు తీసేసి, చార్టులున్నవే ప్రింటు తీసి, ఎక్కడైనా పేరు కనిపిస్తే నల్లగా కొట్టేశాం. డీకామ్ ఫైల్లో (స్కాన్ బొమ్మ, దాని వివరాలు కలిసి ఉండే ఫైల్లో) ఆపరేటర్ పేరు పడే గడి ఉంటుంది, ఫలానా రోజు ఫలానా మనిషి స్కాన్ తీశాడని దానితో రుజువు చేయొచ్చు. అట్లాగని రోగుల ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకొని బయటికి తేవడం ఎంతమాత్రం కుదరదు. క్రాస్ ఎగ్జామినేషన్లో అవతలి వకీలు మొట్టమొదట అడిగింది "రోగుల రికార్డులు ఏమైనా తీసుకెళ్లారా?" అనే. లేదని చెప్పగలగడం వల్ల ఆ దారి అక్కడితో మూసుకుపోయింది.

2024 మార్చి నుంచి జూన్ దాకా ఏమీ కదల్లేదు. ఎన్నికల కాలం, సిబ్బంది అంతా ఆ పనుల్లో ఉన్నారు. ఆ నాలుగు నెలలే నాకు చాలా బరువుగా గడిచాయి. ఊరు చిన్నది. ఏ సెంటర్లో అడిగినా ముందు పని ఉందనేవాళ్లు, రెండు రోజుల తర్వాత "కేసేశావంట గదా" అనేవాళ్లు. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధపెట్టింది. మా మామయ్య ఒకరోజు "ఎనభై వేల కోసం ఎందుకబ్బయా ఈ పడరానిపాట్లు" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

ఆ రోజుల్లోనే ఒంగోలు లాయర్‌పేటలో కార్మిక కేసులు చూసే ఒక వకీలు దగ్గర ఫైళ్లు సిద్ధం చేసే పనికి కుదిరాను. జీతం స్కానింగ్ సెంటర్లో వచ్చినదాంట్లో సగం. గ్రానైట్ ఫ్యాక్టరీల వాళ్లు, ప్రైవేటు నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు వచ్చేవాళ్లు. నేను చేసిందల్లా ప్రతి కేసుకూ తేదీల పట్టీ రాయడం: ఎడమవైపు తేదీ, మధ్యలో ఏం జరిగింది, కుడివైపు దానికి కాగితం ఏది. కాగితం లేని గడి ఖాళీగా ఉంచాలి, గుర్తున్నదాన్ని బట్టి నింపకూడదు. సీటీ గదిలో ఏళ్లతరబడి కాంట్రాస్ట్ (స్కాన్లో స్పష్టత కోసం ఇచ్చే మందు) ఎంత ఎక్కించాం, ఏ టైముకు ఎక్కించాం అని రాసిన అలవాటుకు ఈ పని తొందరగానే పట్టుబడింది. నర్సుల కేసుల్లో డ్యూటీ అప్పగింత పుస్తకం, ల్యాబ్ వాళ్లకు క్వాలిటీ కంట్రోల్ చార్టుల మీది సంతకాలు, డ్రైవర్లకు ట్రిప్పు షీట్లు. ప్రతి వృత్తికీ యజమాని తలచుకోని ఒక కాగితం ఎక్కడో ఉంటుంది.

జూలైలో మళ్లీ వాయిదాలు మొదలయ్యాయి. నా వాంగ్మూలం అఫిడవిట్ రూపంలో ఇచ్చి, ఆగస్టులో క్రాస్‌కు నిలబడ్డాను. హాజరు పట్టీ తెమ్మని ఆదేశిస్తే 2017 తర్వాతిదే తెచ్చారు. అందులోనూ కొన్ని గళ్లు వైట్‌నర్ పూసి దిద్ది ఉన్నాయి. సర్వీసు తెగలేదని చూపడానికి కావలసిన ఏడాదికి 240 రోజులు పనిచేశానా అన్నది నేనే మొత్తం రుజువు చేయాల్సిన పని లేకుండా అది సాయపడింది. పట్టీ తమ దగ్గరే పెట్టుకొని తేకపోతే దాన్ని వాళ్లకు వ్యతిరేకంగానే చూస్తారు. సెప్టెంబర్లో వాదనలు ముగిశాయి. నవంబర్ చివర్లో ఆర్డరు వచ్చింది: 9 ఏళ్ల సర్వీసు, 81,000, దాని మీద ఇవ్వాల్సిన రోజు నుంచి ఇచ్చే రోజు దాకా ఏడాదికి 10 శాతం సాధారణ వడ్డీ. దాంతోపాటు 30 రోజుల్లో కట్టమని యజమానికి ఫారం ఆర్.

అప్పీలుకు 60 రోజుల గడువు ఉంది, ఇంకో 60 పెంచొచ్చు. "అప్పీలుకు పోతాం" అని కబురు పంపారు. అప్పీలు వేయాలంటే యజమాని ఆ మొత్తాన్ని ముందు జమచేయాలి, అది తెలిశాక పోలేదు. కట్టకపోతే నేను ఫారం టీ వేసి, కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయి లాగా వసూలు చేయించుకోవచ్చు. అంతదాకా రాలేదు. డిసెంబర్ 31న అధికారి పేరున డీడీ జమచేశారు. 18 నెలల వడ్డీ 12,150 కలిపి 93,150. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు నకళ్లు, రశీదు మీద రెవెన్యూ స్టాంపు అడిగారు. జనవరి మూడో వారంలో ఖాతాలో పడింది. నాకొచ్చిన గ్రాట్యుటీ మీద పన్ను లేదు గానీ, వడ్డీని ఇతర ఆదాయం కింద చూపించమని ఆడిటర్ చెప్పారు. ఇది నేను ఊహించలేదు.

ఖర్చు విషయానికొస్తే, వకీలు ఫీజు మొదట 5,000, ఆర్డరు తర్వాత 7,000. నోటరీ, జిరాక్సులు, పోస్టు, బస్సు ఛార్జీలు అన్నీ కలిపి మూడు వేల దరిదాపు. వకీలు లేకుండా కూడా వేయొచ్చు. ఫారం ఎన్ దాకా సొంతంగా చేసుకోవడం కష్టమేమీ కాదు, క్రాస్ ఎగ్జామినేషన్ దగ్గర మాత్రం మనిషి కావాలి.

2025 ఫిబ్రవరిలో నెల్లూరులోనే ఒక వైద్య పరిశోధన బృందంలో ఇమేజింగ్ కోఆర్డినేటర్‌గా చేరాను. వాళ్లు అడిగినవి: డీఎంఐటీ (మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా) సర్టిఫికెట్, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్, జీసీపీ (వైద్య పరిశోధన సరిగా చేసే పద్ధతులు) శిక్షణ సర్టిఫికెట్, సంతకం తేదీతో ఉన్న బయోడేటా, పాత సంస్థ ఇచ్చిన అనుభవ పత్రం. చివరిది నా దగ్గర లేదు, అడిగితే ఇవ్వలేదు. గ్రాట్యుటీ ఆర్డరు ధ్రువీకరించిన నకలు పెట్టాను. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా సీటీ టెక్నీషియన్‌గా పనిచేశాడు అని ఒక ప్రభుత్వ అధికారి విచారించి రాసిన పత్రం. హెచ్ఆర్ ఆవిడ రెండుసార్లు చదివి, "ఇంతకంటే మంచి అనుభవ పత్రం ఎవరూ తేలేదు" అన్నారు. కేసు వేసినవాణ్ణని తెలిసి వద్దంటారేమోనని నేను భయపడింది ఈ కాగితం గురించే. ధ్రువీకరించిన నకళ్లు ఆర్డరు వచ్చినప్పుడే రెండు తీసుకోండి, తర్వాత మళ్లీ దరఖాస్తు పెట్టి ఆగాలి.

పని సంగతి. పరిశోధనలో చేరిన రోగుల సీటీ ఫైళ్లు బయటికి పంపేముందు ఎవరివో తెలియకుండా చేయడం నా బాధ్యత. పేరు, ఐడీ తీసేసి స్టడీ నంబరు పెట్టడం సాఫ్ట్‌వేరు చేస్తుంది, అక్కడితో అయిపోయిందనుకుంటే ఇబ్బందే. రిఫర్ చేసిన డాక్టరు పేరు, ఆస్పత్రి పేరు, పుట్టినతేదీ వేరే గళ్లలో ఉంటాయి. మెషీను కంపెనీ సొంతంగా పెట్టుకున్న ప్రైవేటు ట్యాగుల్లో (ఫైల్లో వివరాలుండే గళ్లలో) కూడా పేరు దాక్కొని ఉండొచ్చు. మరీ ముఖ్యంగా, స్కాన్ చివర వచ్చే డోసు పేజీ అసలు స్కాన్ బొమ్మ కాదు, స్క్రీను ఫొటో. దాని మీద పేరు బొమ్మలోనే అచ్చయి ఉంటుంది, ట్యాగులు తుడిచినా పోదు. ఆ సిరీస్‌ను విడిగా తెరిచి చూసి, పిక్సెళ్ల మీదే చెరపాలి లేదా పంపడం మానాలి. తల సీటీ సన్నని స్లైసులైతే ముఖం త్రీడీలో తయారుచేయొచ్చు, అందుకని ముఖం భాగం తీసేసే మెట్టు ఇంకొకటి ఉంటుంది.

రాతలో తప్పు పడితే ఒక్క గీతతో కొట్టి, పక్కన సరైనది రాసి, పొడి సంతకం, తేదీ, కారణం పెట్టాలి. వైట్‌నర్ గదిలోకే రానివ్వరు. ఎథిక్స్ కమిటీలో (పరిశోధనలో చేరినవాళ్లకు అన్యాయం జరక్కుండా చూసే కమిటీలో) న్యాయం తెలిసిన సభ్యుడు ఒకరు తప్పనిసరిగా ఉండాలి. మా కమిటీలో ఆ కుర్చీలో కూర్చునే ఆయన సమ్మతి పత్రంలో పరిహారం పేరాను ప్రతిసారీ వేలు పెట్టి చదువుతారు. తెలుగు పత్రంలో "తగిన సహాయం అందుతుంది" అని ఉంటే ఒప్పుకోరు, ఎవరు ఇస్తారో, దేనికిస్తారో రాయమంటారు. ఆయన అడిగే ప్రశ్నలకు ముందే జవాబులు సిద్ధం చేసిపెట్టే పని ఇప్పుడు నా మీద పడింది, లాయర్‌పేట పుణ్యమా అని.

ఫాంటమ్ స్కాన్లకు (మనిషి బదులు పరీక్ష నమూనాను పెట్టి తీసేవాటికి) నెలలో కొన్ని రోజులు సీటీ గదిలోకి వెళ్తాను కాబట్టి టీఎల్‌డీ బ్యాడ్జీ మళ్లీ తీసుకున్నాను. దరఖాస్తులో పాత పర్సనల్ నంబరు రాయాలి. కొత్తగా చేరినట్టు పెడితే రెండో నంబరు వచ్చి, ఇన్నేళ్ల డోసు ఒకచోట, ఇకమీదటిది ఇంకోచోట ఉంటాయి. ఐదేళ్లకు 100 మిల్లీసీవర్ట్ (రేడియేషన్ డోసు కొలత) అనే పరిమితి లెక్క అప్పుడు ఎక్కడా కుదరదు.

పీఎఫ్ గురించి కూడా. మానేసిన తేదీ పాత యజమాని నమోదు చేయకపోతే, చివరి చందా పడి రెండు నెలలు గడిచాక పోర్టల్లో మనమే వేసుకోవచ్చు. నేను అట్లాగే చేశాను. ఆ తేదీ, రాజీనామా ఉత్తరంలోని తేదీ, ఫారం ఐలోని తేదీ మూడూ ఒకటే ఉండాలి.

ఇప్పుడు వేసేవాళ్లు గమనించాల్సిన మార్పు ఒకటుంది. నా కేసు 1972 చట్టం కింద నడిచింది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో సోషల్ సెక్యూరిటీ కోడ్ అమల్లోకి వచ్చింది. గడువు ఒప్పందం మీద పనిచేసేవాళ్లకు మామూలుగా ఉండే ఐదేళ్ల సర్వీసు షరతు లేకుండా ఏడాదికే గ్రాట్యుటీ అర్హత ఉంది. మన సెంటర్లలో పదకొండు నెలల కాగితం రాయించి, మధ్యలో నాలుగు రోజులు ఆపి మళ్లీ రాయించుకునే పద్ధతి ఉన్నచోట దీన్ని పట్టించుకోవాలి. వేతనం నిర్వచనమూ మారింది: అలవెన్సులు మొత్తం జీతంలో సగానికి మించితే, మించిన భాగాన్ని వేతనంలో కలుపుతారు. బేసిక్ 8,000, అలవెన్సులు 16,000 అని చీటీలో రాసినవాళ్లకు లెక్క 8,000 మీద కాక 12,000 మీద పడుతుంది. ఫారాల పేర్లు, గడువులు పాతవే అనుకోకుండా, మానేసిన తేదీకి ఏ రూల్స్ ఉన్నాయో కార్మిక శాఖ ఆఫీసులో ముందు అడిగి, ఆ ఫారమే నింపండి.